నాకు పాజిటివ్ తగ్గిన వైనం

మెడిసిన్ మూడో సంవత్సరంలో ఉండగా నాకు పాజిటివ్ వచ్చింది. మీరు అనుకునేవేవీ కావు. ముక్కులో పుల్ల పెట్టలేదు, వేలికి సూది గుచ్చలేదు. కాగితం మీద టిక్కులు పెట్టించి తేల్చారు. పదిహేను రోజుల వైద్యంతో పూర్తిగా తగ్గిపోయింది. తగ్గినట్టు ప్రిన్సిపాల్ సంతకంతో సర్టిఫికెట్ కూడా ఉంది. అడిగినవాళ్లకు చూపిస్తాను. అడగనివాళ్లకైతే ఇంకా ముందే చూపిస్తాను.

నా పేరు మద్దిలేటి. మా చిన్నగుండాల నుంచి జిల్లా పెద్దాసుపత్రికి పేషెంటుగా కాకుండా వెళ్లిన మొదటివాణ్ణి నేనే. ఆ గొప్ప నాకు చాలా ఉండేది. తెల్లకోటును ఉతికినా ఇస్త్రీ చేసినా మడత మాత్రం పెట్టేవాణ్ణి కాదు, తొడుక్కునే తిరిగేవాణ్ణి.

మా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం మార్చురీ దాటి, సైకిల్ స్టాండు వెనక, పాత బాయిలర్ గది పక్కన ఉండేది. ఓపీ నంబరు ఇరవై మూడు. ఇరవై రెండు దాకా బోర్డులున్నాయి. ఆ విభాగానికి ఒకే ఒక ప్రొఫెసర్, డాక్టర్ నజీమా బేగం. పెద్ద ఓపీ బుధవారం నాడు. విద్యార్థులకు అక్కడ రెండు వారాల పోస్టింగు. సంతకం పెట్టి క్యాంటీన్‌కు పోవడం మా బ్యాచ్ ఆచారం. నేను మాత్రం నాలుగు రోజులు పూర్తిగా కూర్చున్నాను. జ్ఞానం కోసం కాదు, అక్కడ ఫ్యాను బాగా తిరిగేది.

ఫ్యాను కింద కూర్చున్న పాపానికి కొన్ని మాటలు చెవిన పడ్డాయి. మేడం పేషెంటును ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగేవారు. ఆసుపత్రిలో ఇంకెవరూ చెయ్యని పని అది. మిగతాచోట్ల జవాబు సగంలో ఉండగానే మందు రాసి, చీటీ చేతిలో పెట్టేస్తారు. ఆవిడ అలా ఆగుతుంటే నాకు మా మేనమామ గుర్తొచ్చేవాడు.

మా సుంకన్న మామ బోరు మోటార్ల మెకానిక్. స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అర నిమిషంలో "బేరింగు పోయింది" అనో, "వైండింగు కాలింది" అనో చెప్పేవాడు. స్టెతస్కోపు అనేది ఒకటుంటుందని తెలియక ముందు నేను చూసిన డాక్టరు ఆయనే. అలాంటి మనిషి ఆరు నెలలుగా మేకల దొడ్లో గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. పని లేదు, పలుకు లేదు. బువ్వ పెడితే చూస్తాడు, తీస్తే చూస్తాడు. సెలవుల్లో మా లింగమ్మత్తతో గట్టిగా చెప్పాను: "ఏదో ఒక బుధవారం తీసుకురా అత్తా. మేడం దగ్గరికి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా."

"శెనక్కాయ పీకినాక వస్తాంలే అల్లుడా" అంది అత్త.

ఇంతలో పైనుంచి మెమో వచ్చింది. "వైద్య విద్యార్థులలో మనోవైద్య విభాగం పట్ల గల యాటిట్యూడ్‌ను కొలిచి, ఫలితములను నెలాఖరులోగా సమర్పించి, తగు చర్యలు తీసుకొనవలెను." మా నూట పన్నెండు మందికీ ముప్పై వాక్యాల కాగితం ఇచ్చారు. ఒప్పుకుంటే టిక్కు. "నా కుటుంబంలో ఒకరికి మానసిక జబ్బు వస్తే సంకోచించక సైకియాట్రీకి తీసుకువెళ్తాను" అన్న చోట మామను తల్చుకుని కాగితం చిరిగేలా టిక్కు పెట్టాను. ముప్పైకి ఇరవై ఎనిమిది వచ్చాయి. చిన్నప్పటినుంచీ ఏ పరీక్షలో అయినా ఫస్టు రావాలన్న దుర్గుణం నాది.

ఆ కాగితాలు మదింపు కోసం సీనియర్ అసిస్టెంటు శేషఫణి గారికి వెళ్లాయి. ఆయన పద్దెనిమిదేళ్లు రక్తపరీక్షల విభాగంలో చేసి ఆఫీసుకు మారిన మనిషి. యాటిట్యూడ్‌కు ఫారం లేదు. ఫారం లేకుండా ఆయన మంచినీళ్లు కూడా తాగడు. అందుకని ల్యాబు ఫారమే తీశాడు. "నమూనా" అన్నచోట యాటిట్యూడ్ అని రాశాడు. "ఫలితము" అన్నచోట ఇరవై దాటినవాళ్లకు పాజిటివ్, మిగతావాళ్లకు నెగటివ్ అని వేశాడు. ఆ ఫారం అడుగున ఎప్పుడో అచ్చయిన వాక్యం ఒకటుంది: "పాజిటివ్ వచ్చినవారిని ఇతరుల నుండి వేరుచేసి, తక్షణమే చికిత్స ప్రారంభించవలెను." దాని కింద ప్రిన్సిపాల్ చక్రధరరావు గారు సంతకం చేశారు. చదవడం ఆ తర్వాత చేశారు.

మర్నాడు అత్యవసర సమావేశం. పాజిటివ్ వచ్చిన మా తొమ్మిది మందినీ గది బయట, మనిషికీ మనిషికీ మధ్య రెండు గజాల దూరంలో నిలబెట్టారు. తలుపు సగమే ఉండేది కాబట్టి మాటలన్నీ వినపడ్డాయి.

"నూట పన్నెండులో తొమ్మిది. ఎనిమిది శాతం! ఇన్‌స్పెక్షన్ ముందు ఇదేం ఖర్మయ్యా?" అన్నారు ప్రిన్సిపాల్. "ఎక్కణ్ణుంచి పాకింది?"

"సోర్సు దొరికింది సార్" అన్నారు అంటువ్యాధుల ప్రొఫెసర్. "తొమ్మిది మందీ ఓపీ ఇరవై మూడులో మూడు రోజులకు మించి కూర్చున్నవాళ్లే. మిగతా విద్యార్థులు ముందుజాగ్రత్తగా క్యాంటీన్‌లో ఉన్నారు."

నజీమా మేడం గొంతు వినిపించింది. "సార్, ఇది జబ్బు కాదు. పాజిటివ్ రావడం మంచిది. మిగతా నూట ముగ్గురికి రాలేదే అని మనం బాధపడాలి."

"అమ్మా, నా ముప్పై ఏళ్ల సర్వీసులో పాజిటివ్ మంచిదని ఎవరూ అనగా వినలేదు."

"గర్భ పరీక్ష ఉంది కదా సార్" అన్నారు గైనకాలజీ మేడం.

"అదైనా పెళ్లయితేనే కదమ్మా" అని ప్రిన్సిపాల్ కొట్టిపారేశారు. "పైగా నేను సంతకం చేసేశాను."

ఆ మాటతో చర్చ ముగిసింది. గుమాస్తా పొరపాటని అందరికీ తెలుస్తూనే ఉంది. నేను ఇప్పటికీ ఆశ్చర్యపోయేది ఒక్కదానికే. గుండె విభాగం మీద ఎవరికైనా పాజిటివ్ వచ్చిందని రాసి ఉంటే, అందరూ నవ్వి ఆ కాగితం చింపేసేవాళ్లు. సైకియాట్రీ మీద అనేసరికి, "వచ్చే ఉంటుందిలే" అనుకున్నారు. "సైకియాట్రీ పాజిటివ్ నివారణ, నియంత్రణ మరియు పునరావాస కమిటీ" ఏకగ్రీవంగా ఏర్పడింది. నజీమా మేడం చెయ్యి ఒక్కటే లేవలేదు కానీ, ఆ చేతిని సోర్సు కింద లెక్కవేశారు.

హాస్టల్లో మాకు చివరి గది ఇచ్చారు. మెస్సులో మా కంచాలకు ఎర్ర రంగు చుక్క పెట్టారు. నా క్లాసుమేటు జిలానీ వరండా అవతల నుంచే అరిచేవాడు: "రేయ్ మద్దిలేటీ, దగ్గరికి రావద్దురా! రేపు నాకు మెడిసిన్ ఇంటర్నల్స్. నీది నాకు అంటుకుంటే పేషెంటు చెప్పేది వింటూ కూచుంటా, టైము చాలదు."

ఇంటికి రిజిస్టర్ ఉత్తరం వెళ్లింది. "మీ కుమారునికి సైకియాట్రీ పట్ల యాటిట్యూడ్ పాజిటివ్ అని నిర్ధారణ అయినది. ప్రారంభ దశలోనే గుర్తించడమైనది. కంగారు పడవలదు." అది అందిన సాయంత్రమే మా నాయన ఫోను చేశాడు.

"ఏమిరా, కాగితమొచ్చింది. పోస్టాయన అరుగు మింద కూచోని అందరికీ ఇనపడేటట్ల సదివినాడు. పాజిటివ్ అంట గదా?"

"ఔ నాయనా."

"ఎవరి మింద?"

"సైకియాట్రీ మీద."

"ఏ ఊరు పిల్ల?"

"పిల్ల కాదు నాయనా, డిపార్ట్‌మెంటు. ఉండేది ఒకే మేడం. నజీమా మేడం."

"ఎన్నేండ్లుంటాయి?"

"యాభై ఆరు."

"మీ యమ్మకు నేను చెప్పల్యాను. నువ్వే చెప్పుకో" అని ఫోను పెట్టేశాడు.

చికిత్సకు మమ్మల్ని సర్జరీ విభాగానికి పంపారు. అక్కడి ప్రొఫెసర్ రంగధామం గారిని కమిటీ సిలబస్ తయారు చెయ్యమని కోరిందట. ఆయన నవ్వారట. "సిలబస్ ఎందుకయ్యా? పాతికేళ్లుగా ఏ సర్క్యులరూ లేకుండా మేం చేస్తున్నది ఇదే కదా. పిల్లల్ని పంపండి చాలు."

మొదటిరోజు రౌండ్లలో, కడుపు నొప్పితో వచ్చిన ఒక మగ్గం పనివాళ్ల ఆవిడ దగ్గర ఆగారు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"స్కానింగులో ఏమీ లేదు. రక్తంలో ఏమీ లేదు. ఏడుపు మాత్రం ఉంది. ఏం చేద్దాం?" అన్నారు రంగధామం గారు.

"ఇంట్లో ఏమన్నా జరిగిందేమో అడుగుదామా సార్?" అన్నాను.

రంగధామం గారు నా భుజం మీద చెయ్యి వేసి, మిగతా విద్యార్థుల వైపు తిప్పారు. "బాగా చూడండి. పుస్తకాల్లో దొరకదు. పాజిటివ్ అంటే ఇదీ. ముదిరిన కేసు." పాతికమంది నోట్సు రాసుకున్నారు. నన్ను చూసి కొందరు బొమ్మ కూడా గీసుకున్నారు.

తర్వాత ఆయనే వైద్యం చెప్పారు. ఇలాంటి చోట డాక్టరు అనవలసిన మాట "నాటకం". అన్నాక ఇవ్వవలసిన మందు గ్యాస్ బిళ్ల. ఆ రెండింటికీ మధ్యలో విద్యార్థులు నవ్వాలి. ముందే నవ్వితే అల్లరి, ఆలస్యంగా నవ్వితే మందబుద్ధి. "నా" అన్నప్పుడు పెదవి విప్పి, "టకం" అన్నప్పుడు పళ్లు చూపాలి.

మొదట్లో నాకు నవ్వు వచ్చేది కాదు. మూడోరోజుకు పెదవి విడింది. ఆరోరోజుకు అందరితో కలిసింది. పదోరోజుకు సార్ అనకముందే నాకు తెలిసిపోయేది, ఇప్పుడు అంటారని. ఆ మగ్గం ఆవిడ మంచం దాటేటప్పుడు తల తిప్పుకోవడం కూడా అలవాటైంది. ఐదోరోజు పరీక్షలో ఇరవై ఐదు, పదోరోజున ఇరవై ఒకటి. నా చార్టు చూసి కమిటీ అధ్యక్షులు "గ్రాఫు ముచ్చటగా ఉంది" అన్నారు. నా కంచం మీది ఎర్ర చుక్కను సగం గీకేశారు. మనిషి ఎంతకు అమ్ముడుపోతాడో నాకు తెలియదు కానీ, నేను మాత్రం అందరితో కలిసి కూర్చుని తినే ఉప్మాకు సిద్ధమైపోయాను.

పదిహేనో రోజు ఆఖరి పరీక్ష, ప్రాక్టికల్. సర్జరీ ఓపీలో నా ముందుకు వచ్చే పేషెంటును నేనే చూడాలి. కమిటీ గోడవారన కూర్చుని మార్కులు వేస్తుంది. నెగటివ్ తేలకపోతే ఆ ఏడాది హాల్ టికెట్ లేదు. అది బుధవారం.

మొదటి చీటీ మీద పేరు చూశాను. సుంకన్న, చిన్నగుండాల.

శెనక్కాయ పీకడం అయిపోయిందన్నమాట.

లింగమ్మత్త మామ రెక్క పట్టుకుని లోపలికొచ్చింది. మామ గడ్డం పెరిగి, చొక్కా ఇద్దరు మనుషులకు సరిపోయేలా ఉంది. జేబులో స్క్రూడ్రైవరు మాత్రం ఉంది.

"ఏమి అల్లుడా, ఎట్లుండావు? ఆస్పత్రంతా ఎతికితిమి. తెల్లకోటు మద్దిలేటి యాడ అంటే ఈడ కూచోబెట్టినారు" అంది. "ఇంగ పోదాం పా ఆ మేడం తావుకు. చెయ్యి పట్టుకోని తీసకపోతానని నువ్వే చెప్తివి గదా."

గోడవారన పెన్నులు ఆగాయి.

"మీకు బంధువులా?" అన్నారు రంగధామం గారు.

"ఊరివాళ్లు సార్" అన్నాను.

అత్త నా మొహం చూసింది. తిట్టినా బాగుండేది.

"ఏం కంప్లయింటు?" అని మామను అడిగాను. అడిగి, అలవాటు ప్రకారం చీటీ మీద రాయడం మొదలుపెట్టాను. ఆరు నెలలుగా నోరు విప్పని మామ నన్ను చూసి నోరు విప్పాడు.

"లోపల బేరింగు పోయిందిరా. ఒకటే శబ్దం."

రంగధామం గారు గోడవారనుంచి నెమ్మదిగా అన్నారు: "నా..."

నేను నవ్వాను. సరైన సమయానికి, సరైన పాళ్లలో, పళ్లు కనపడేలా. కమిటీలో అందరికంటే ముందు నేనే నవ్వాను. "గ్యాస్ పెద్దాయనా. పొద్దున పరగడుపున ఒక బిళ్ల. రెండు వారాలు" అని చీటీ అత్త చేతిలో పెట్టాను.

మామ నా నవ్వును కాసేపు విన్నాడు. చూడలేదు, విన్నాడు. మోటారు విన్నట్టే, తల కొంచెం పక్కకు వంచి. తర్వాత లేచి బయటికి నడిచాడు.

ముప్పైకి సున్నా. కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "యాటిట్యూడ్ నెగటివ్. పునరావాసం సంపూర్ణం" అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ రాత్రి మెస్సులో మామూలు కంచంలో ఉప్మా తిన్నాను. జీడిపప్పు కూడా పడింది. మిగతా ఎనిమిది మందికీ ఇంకో వారంలో తగ్గిపోయింది. నూట పన్నెండుకు నూట పన్నెండూ నెగటివ్ అని పైకి నివేదిక పంపితే, పైనుంచి అభినందన వచ్చింది. "శతశాతం నెగటివ్ సాధించిన మొదటి కళాశాలగా మీ నమూనాను ఇతర కళాశాలలకు విస్తరింపజేయుటకు పరిశీలించడమగుచున్నది."

మూడు నెలల తర్వాత ఊరికి పోయాను. చెప్పాలంటే భయపడుతూనే పోయాను. మేకల దొడ్లో ఎవరూ లేరు. బోరు షెడ్డులో మామ, మోటారుకు స్క్రూడ్రైవరు ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు.

"నీ గ్యాసు బిళ్లలు మేక తినింది అల్లుడా" అంది లింగమ్మత్త, నాకు చెంబుతో నీళ్లిస్తూ. "దానికి బాగనే పని చేసినాయి."

"మరి మామకు..."

"ఆ పొద్దు బయటికొచ్చి సెక్యూరిటీ ఆయన్ను అడిగితి. మా అల్లునికి పాజిటివ్ అంటుకున్న తావు యాడుందన్నా అని. శవాల గది దాటి పొమ్మన్నాడు. పోతిమి. ఆయమ్మ మామను ఒక మాట అడిగి, కూచుండె. మామ పలికేదానికి గంట పట్టె. గంటసేపూ కూచుండె." అత్త చెంబు తీసుకుంది. "నువ్వు ఊరివాళ్లంటివి గదా, ఆయమ్మ మమ్మల్ని అదీ అడగల్యా."

సర్టిఫికెట్ జేబులోనే ఉంది. తియ్యలేదు. అడగనివాళ్లకు చూపించని ఒకే సందర్భం అది.

ఇంక నా సంగతి. పాసయ్యాను. హౌస్ సర్జన్‌గా రంగధామం గారి యూనిట్లోనే చేరాను. చేరిన నెలకు ఒకరోజు ఆపరేషన్ థియేటర్లో కుట్టు వేస్తుంటే దారం పట్టుకున్న చెయ్యి వణికింది. గుండె దడదడ. ఊపిరి అందదు. ఏదో అయిపోతున్నట్టు భయం. మర్నాడూ అంతే. తర్వాత రోజూ అంతే. ఈసీజీ నాలుగుసార్లు తీయించుకున్నాను. ఎకో రెండుసార్లు, థైరాయిడ్, గొంతులో గొట్టం, అన్నీ అయ్యాయి. అన్నీ నెగటివ్. నెగటివ్ మంచిదని ఆసుపత్రి మొత్తం సంతోషించింది. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయేవాణ్ణి. ఓపీ ఇరవై మూడుకు పోవచ్చు. కానీ పోతే నా సర్టిఫికెట్ ఏం కావాలి?

పరగడుపున గ్యాస్ బిళ్ల మొదలుపెట్టాను.

ఒక బుధవారం రౌండ్లలో నిలబడలేక మంచం పట్టె పట్టుకున్నాను. రంగధామం గారు నా రిపోర్టులన్నీ తిప్పి చూశారు. "ఏమీ లేదు కదయ్యా. నా..."

విద్యార్థులు నవ్వారు. బాగా నేర్చుకున్నారు, సమయం తప్పలేదు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను.

ఆ బుధవారమే మధ్యాహ్నం క్యాంటీన్ బయట బల్ల మీద కూర్చుని ఉంటే, నెలనెలా మేడం దగ్గరికి వచ్చే సుంకన్న మామ మందులు తీసుకోవడానికి వచ్చినవాడు నన్ను చూశాడు. పక్కన కూర్చున్నాడు. ఏమైందని అడగలేదు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, మొన నా తెల్లకోటు మీద, గుండె చోట ఆనించాడు. పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"మామా, అందరూ చూస్తాండారు."

"కదలాకు."

అర నిమిషం. ఆ అర నిమిషంలో ఎన్నేళ్ల తర్వాతో ఎవరో నన్ను విన్నారు.

"బేరింగు పోయిందిరా అల్లుడా."

"గ్యాస్ మామా."

"గ్యాసు శబ్దం నాకు తెలీదా? అది వేరే." స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని లేచాడు. చెయ్యి చాపాడు. "పా. చెయ్యి పట్టుకోని తీసకపోతా."

"మామా, మార్చురీ వెనక నుంచి ఒక దారుంది. ఎవురూ చూడరు."

"చూస్తే ఏమైతాదిరా?"

"మళ్లీ పాజిటివ్ అంటారు."

"అంటే అననీ. నన్ను గ్యాసనిరి. నేను గ్యాసైతినా?"

పెద్ద వరండాలోనే నడిపించాడు. సర్జరీ ఓపీ ముందు నుంచి, రంగధామం గారి కళ్ల ముందు నుంచి. వెనక ఎవరో సమయానికి నవ్వారు. మామ చెయ్యి వదల్లేదు. మోటారు గ్రీజు వాసన వేసే చెయ్యి అది.

ఓపీ ఇరవై మూడుకు ఇప్పటికీ బోర్డు లేదు. ఫ్యాను మాత్రం బాగా తిరుగుతోంది. నజీమా మేడం నన్ను చూసి గుర్తుపట్టారు. కూర్చోమన్నారు. ఏం చెయ్యాలో తెలియక, అలవాటు కొద్దీ జేబులోంచి సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాను.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. ప్రిన్సిపాల్ సంతకం దాకా చదివారు. నెమ్మదిగా మడిచి, నా వైపు చూసి, "ఎన్నాళ్ల నుంచి ఉంది ఇది?" అని అడిగారు.

అడిగి, ఆగారు.